మధ్యలో ఆగిన కళాశాల చదువు: క్రెడిట్ల జమతో డిగ్రీని పూర్తిచేయు విధము

(పంచాయతీ సభ్యులకు పాఠము)

మన గ్రామములలో ఏ వీధికి పోయినను, కళాశాలలో ఒకటి రెండేండ్లు చదివి మానుకొన్నవారు ఒకరిద్దరైనను కనిపించుదురు. తండ్రి జబ్బుపడగా సేద్యము మీద వేసికొన్న కుమారుడు, పెండ్లి కుదిరినందున చివరి సంవత్సరము పరీక్షలు వ్రాయకయే అత్తవారింటికి వెళ్ళిన కుమార్తె, రెండు పేపర్లు తప్పి ఆ సిగ్గుతో కళాశాల ముఖము చూడనివాడు, ఇట్టివారు ప్రతి ఊరను గలరు. ఏదైనను ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టునపుడు విద్యార్హత గడిలో వీరు ఇంటర్మీడియట్ అనియే వ్రాసికొనవలసి వచ్చుచున్నది. కళాశాలలో పడిన శ్రమ ఆ గడిలో ఎచ్చటను కానరాదు.

ఈ నష్టము చిన్నది కాదు. రాష్ట్ర పబ్లిక్ సర్వీసు కమిషన్లు జరుపు గ్రూపు పరీక్షలలో పెక్కింటికి డిగ్రీ కనీసార్హత. 2018లో తెలంగాణములో జూనియర్ పంచాయతీ కార్యదర్శుల నియామకమునకు గూడ డిగ్రీనే అడిగిరి. అనగా మన పంచాయతీ కార్యాలయములోని కుర్చీలో కూర్చుండుటకే మన ఊరి బిడ్డకు అర్హత చాలకుండ పోవుచున్నది. మూడు మెట్లలో రెండెక్కినవాడును ఒక్కటియు ఎక్కనివాడును సమానులే యనుట న్యాయము కాదు.

ఇట్లు ఆగిపోయిన చదువును లెక్కలోనికి తీసికొని, మిగిలిన దానిని మాత్రమే చదివి డిగ్రీ పొందుటకు ఇప్పుడు మన దేశములో ఒక మార్గమేర్పడినది. ఆ మార్గమేమో, దానిలోని గడువులును నిబంధనలును ఏవో, పంచాయతీ సభ్యులు ఊరివారికి చేయగల సాయమేమో ఈ పాఠమున వివరింతుము.

క్రెడిట్ అనగా నేమి?

పాల కేంద్రము పద్ధతి మన రైతులందరికిని తెలిసినదే. ఉదయము పోసినవి, సాయంకాలము పోసినవి, గేదె పాలు, ఆవు పాలు, అన్నియు లీటర్ల లెక్కను, వెన్న శాతము లెక్కను పుస్తకములో జమయగును. ఒకపూట పాలు పోయకపోయినంత మాత్రమున వెనుకటి జమ చెరిగిపోదు. లెక్క కట్టునపుడు జమయైనదంతయు కలిపి చూచుదురు.

క్రెడిట్ అనునది చదువునకు అట్టి కొలత. ఒక సెమిస్టరులో వారమునకు ఒక గంట చొప్పున, సుమారు 15 గంటల పాఠము విని పరీక్షలో ఉత్తీర్ణులైన యెడల ఒక క్రెడిట్ లభించును. ప్రయోగశాలలో చేయు పనికిని, ఊరిలో చేయు సమాజసేవకును 30 గంటలకు ఒక క్రెడిట్ లెక్కింతురు. వారమునకు నాలుగు గంటల పాఠముండు కోర్సునకు నాలుగు క్రెడిట్లు. ఇట్లు సెమిస్టరునకు 20 చొప్పున సంవత్సరమునకు 40 క్రెడిట్లు సాధారణముగా వచ్చును.

ఇచ్చట ముఖ్యముగా గ్రహింపవలసినది ఒకటి గలదు. తరగతిలో కూర్చున్నంత మాత్రమున క్రెడిట్ రాదు. పరీక్షలో గట్టెక్కిన కోర్సునకే వచ్చును. ఆరు కోర్సులలో నాలుగింట ఉత్తీర్ణులైనవారికి ఆ నాలుగింటి క్రెడిట్లును నిలిచియుండును. తప్పిన రెంటికొరకు ఆ నాలుగు పోవు. "తప్పినాను" అని మొత్తము చదువునే వదలుకొన్నవారు ఈ మాట తెలియకయే వదలుకొన్నారని చెప్పవలెను.

ఈ పద్ధతి ఎట్లు వచ్చినది?

చదివిన దానిని కలుపుకొని, ఎవరికి వారు తగిన డిగ్రీని కూర్చుకొనవచ్చునన్న భావము ఇప్పటిది కాదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్ర విశ్వవిద్యాలయము వారు, ఎర్నెస్ట్ బోయర్ ఛాన్సలరుగా నున్న కాలమున, 1971లో ఎంపైర్ స్టేట్ కళాశాలను నెలకొల్పిరి. పనిపాటలు చేసికొను పెద్దవారు అచ్చట చేరి, ఒక అధ్యాపకుని సలహాతో తమ డిగ్రీ ప్రణాళికను తామే వ్రాసికొందురు. వెనుక ఇతర కళాశాలలలో సంపాదించిన క్రెడిట్లను అందులో చేర్చుదురు. ఉద్యోగములో నేర్చిన విద్య కళాశాల స్థాయిలో నున్నదని పరీక్షించి తేల్చినచో దానికిని క్రెడిట్లిత్తురు. బ్రిటనులో 1969లో స్థాపితమైన ఓపెన్ యూనివర్సిటీ 1971 నుండి ఇంటివద్ద చదువుకొనువారికి డిగ్రీ మార్గము చూపినది.

ఈ విషయమున తెలుగువారు వెనుకబడియుండలేదు. భారతదేశములో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో ఆంధ్రప్రదేశములోనే ఏర్పడినది. దాని మొదటి ఉపాధ్యక్షులు ప్రొఫెసర్ జి. రామిరెడ్డి. 1985లో ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు దానికిని మొదటి ఉపాధ్యక్షులు వారే. మన విశ్వవిద్యాలయమునకు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టిరి. హైదరాబాదులో దాని ప్రధాన కార్యాలయమున్నది.

2020 జూలైలో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన జాతీయ విద్యావిధానము, చదువును మధ్యలో ఆపి మరల చేరుటకు వీలుండవలెనని చెప్పినది. దానిని అనుసరించి 2021 జూలైలో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నియమములను ప్రకటించెను. దీనినే మనము క్రెడిట్ల బ్యాంకు అందము.

జమపుస్తకము నడచు విధము

ఈ బ్యాంకులో సొమ్ముండదు. విద్యార్థి పేర ఒక ఖాతా యుండును. దానికి 12 అంకెల సంఖ్య గలదు. అపార్ సంఖ్య అనునది ఇదియే. డిజీలాకరు ద్వారా విద్యార్థియే దీనిని ఉచితముగా తెరచుకొనవచ్చును. దీని నియమములలో పంచాయతీ సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసినవి అయిదు.

మొదటిది: క్రెడిట్లను జమచేయవలసినది కళాశాల లేక విశ్వవిద్యాలయము. విద్యార్థి తన మార్కుల మెమోను తానే తీసికొనిపోయి జమకట్టుమన్నచో బ్యాంకు అంగీకరింపదు. కావున ఖాతా తెరచి ఊరకున్నచో చాలదు. ఖాతా సంఖ్యను కళాశాలకు తెలిపి, క్రెడిట్లు జమపడినవో లేదో చూచుకొనవలెను.

రెండవది: 2021-22 విద్యాసంవత్సరమునందును, తరువాతను చదివిన కోర్సులకే ఈ జమ వర్తించును.

మూడవది: జమయైన క్రెడిట్లకు ఆయుర్దాయము గరిష్ఠముగా ఏడు సంవత్సరములు. 2021-22లో సంపాదించినవి 2028-29 ప్రాంతమున కాలము తీరిపోవును. గాదెలోని విత్తనము వలెనే ఇదియు అదనులో వాడినగాని మొలవదు.

నాలుగవది: ఒక డిగ్రీకిగాని డిప్లొమాకుగాని ఖర్చుపెట్టిన క్రెడిట్లు ఖాతానుండి శాశ్వతముగా తీసివేయబడును. వానినే మరియొక పట్టమునకు చూపుటకు వీలులేదు.

అయిదవది: డిగ్రీ నిచ్చు విశ్వవిద్యాలయములోనే కనీసము సగము క్రెడిట్లు సంపాదింపవలెను. మిగిలిన సగమునకు లోబడియే బయటినుండి తెచ్చుకొనవచ్చును. ఎక్కడెక్కడి ముక్కలనో అతికించి, ఏ విశ్వవిద్యాలయములోను చదువకయే డిగ్రీ అడుగుట కుదరదు.

డిగ్రీ యొక్క కూర్పు

2022 డిసెంబరులో గ్రాంట్ల సంఘము ప్రకటించిన పాఠ్య చట్రము ప్రకారము మూడేండ్ల డిగ్రీకి కనీసము 120 క్రెడిట్లు, నాలుగేండ్ల ఆనర్సు డిగ్రీకి 160 క్రెడిట్లు కావలెను. మూడేండ్ల డిగ్రీలోని 120 క్రెడిట్లు ఈ విధముగా విభజింపబడినవి: మేజర్ అను ప్రధాన విషయమునకు 60, మైనర్ అను రెండవ విషయమునకు 24, ఇతర శాస్త్రములను పరిచయము చేయు కోర్సులకు 9, భాషలకు 8, చేతిపని, కంప్యూటరు వంటి నైపుణ్యములకు 9, పర్యావరణము మొదలగు విలువల కోర్సులకు 6 నుండి 8, ఇంటర్న్‌షిప్ అను పని అనుభవమునకు 2 నుండి 4. ఇది దేశమంతటికి సూచింపబడిన చట్రము. ఆయా విశ్వవిద్యాలయములు దీనిని కొంత మార్చుకొనియున్నవి. కొన్నింట మొత్తము ఇంతకంటె ఎక్కువయు గలదు.

ఈ విభజనలోనే సౌలభ్యమంతయు నున్నది. భాషలు, నైపుణ్యములు, విలువల కోర్సులు ఏ డిగ్రీకైనను కావలసినవే. కనుక బి.ఎస్‌సి.లో చదివిన తెలుగును ఇంగ్లీషును బి.ఏ.కు వెళ్ళినంత మాత్రమున మరల చదువ నక్కరలేదు. ప్రధాన విషయము మారినచో మాత్రము దాని 60 క్రెడిట్లను క్రొత్తగా సంపాదింపవలసియుండును.

మొదటి సంవత్సరములో 40 క్రెడిట్లు పొంది, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సును గూడ పూర్తిచేసినవారు ఆగిపోదలచినచో సర్టిఫికెట్టును, రెండవ సంవత్సరము ముగియునప్పటికి 80 క్రెడిట్లతో అట్లే చేసినవారు డిప్లొమాను పొందవచ్చును. అట్టివారు మూడేండ్లలోపల మరల చేరి, మొత్తము ఏడేండ్లలో డిగ్రీని ముగింపవచ్చునని ఆ చట్రము చెప్పుచున్నది. చదువు మాన్పించుట తప్పని ఇంటిలో, ఆ వేసవి కోర్సు వరకైనను ఆగుమని తల్లిదండ్రులకు చెప్పుట మంచిది. వట్టిచేతులతో వచ్చుటకంటె కాగితముతో వచ్చుట మేలు గదా!

ఒక లెక్క

ఉదాహరణకు ఒక విద్యార్థిని 2022-23, 2023-24 సంవత్సరములలో బి.ఎస్‌సి. చదివి, రెండు కోర్సులు తప్పి, పెండ్లితో మానుకొన్నదనుకొందము. ఆమెకు జమయైనవి 72 క్రెడిట్లు. ఇప్పుడు ఆమెకు రెండు దారులున్నవి.

మొదటి దారి, చదివిన విశ్వవిద్యాలయములోనే మరల చేరుట. అప్పుడు 72 క్రెడిట్లును అట్లే నిలుచును. మిగిలినవి 48. మూడవ సంవత్సరపు 40 క్రెడిట్లును, తప్పిన రెండు కోర్సుల 8 క్రెడిట్లును పూర్తిచేసినచో డిగ్రీ చేతికందును.

రెండవ దారి, అత్తవారి ఊరినుండి ప్రయోగశాలకు పోలేనందున వేరొక విశ్వవిద్యాలయములో బి.ఏ. చేరుట. అచ్చట సగము, అనగా 60 క్రెడిట్లు తప్పక చదువవలెను. కావున తెచ్చిన 72లో 60కి మించి ఎట్లైనను లెక్కకు రావు. అందును ఏవి సరిపడునో చూడవలెను. భాషలు 8, ఇతర శాస్త్ర పరిచయము 9, నైపుణ్యములు 9, విలువల కోర్సులు 6, మొత్తము 32. ఆమె చదివిన జంతుశాస్త్రమును మైనరుగా ఆ విశ్వవిద్యాలయము అంగీకరించినచో మరి 24. వెరసి 56. ఇక ప్రధాన విషయమునకు 60, ఇంటర్న్‌షిప్‌కు 4, కలిసి 64 క్రెడిట్లను క్రొత్తగా చదువవలెను. 56, 64 కలిసిన 120. సెమిస్టరునకు 20 చొప్పున చూచినచో రెండు సంవత్సరములలోపల పని ముగియును. తెచ్చిన వానిలో 16 క్రెడిట్లు మాత్రము వాడకయే మిగిలిపోవును.

మొదటినుండి చేరినచో మూడు సంవత్సరములు. వెనుకటి విశ్వవిద్యాలయమునకే పోయినచో ఒక సంవత్సరమునకు కొంచెము మించును. వేరొక చోట చేరినచో రెండు సంవత్సరముల లోపు. ఈ మూడు లెక్కలను కాగితముమీద వేసి చూపినచో ఆ కుటుంబమువారు తమకు తగినది తామే నిశ్చయించుకొనగలరు. మా సలహా ఒక్కటే: క్రొత్త తలుపు తట్టుటకు ముందు పాత తలుపు తట్టి చూడవలెను.

ప్రణాళిక వేసికొను క్రమము

మొట్టమొదట, డిగ్రీ ఎందులకో తేల్చుకొనవలెను. ఏ డిగ్రీయైనను చాలునన్న పోటీపరీక్షల కొరకా, ఉపాధ్యాయ వృత్తి కొరకా, బ్యాంకు ఉద్యోగము కొరకా? ఉపాధ్యాయ వృత్తి కోరువారు పాఠశాలలో బోధింపబడు విషయమునే ప్రధానముగా నుంచుకొనవలెను. ఈ ఆలోచన లేక సులువుగా దొరికినదానిని ఎన్నుకొన్నచో, డిగ్రీ వచ్చిన పిదప బి.ఎడ్. చేరబోవునపుడు చిక్కు వచ్చును.

రెండవది, చేతనున్న మార్కుల మెమోలన్నిటిని సెమిస్టరు వరుసను పేర్చి, ఉత్తీర్ణమైన కోర్సు పేరు, క్రెడిట్లు, సంవత్సరము ఒక పట్టికగా వ్రాసికొనవలెను. తప్పిన కోర్సులను వేరుగా వ్రాయవలెను.

మూడవది, ఏ విషయములో క్రెడిట్లెక్కువగా నున్నవో చూచి, వీలైనంతవరకు దానినే మేజరుగానో మైనరుగానో నిలుపుకొనవలెను.

నాలుగవది, ఇంటివద్ద చదువదగిన కోర్సులను ఏరుకొనవలెను. 2017లో ప్రారంభమైన స్వయం అను కేంద్ర ప్రభుత్వపు వేదికలో పాఠములు ఉచితముగా వినవచ్చును. పరీక్షకు మాత్రము రుసుము కలదు, నిర్ణీత కేంద్రమునకు పోయి వ్రాయవలెను. ఒక సెమిస్టరులోని కోర్సులలో 40 శాతము వరకు ఇట్లు చదువుటను విశ్వవిద్యాలయములు అంగీకరింపవచ్చునని 2021 నియమములు చెప్పుచున్నవి. అయితే ఏ కోర్సును అంగీకరింతురో ముందుగా కళాశాలనుండి వ్రాతమూలకముగా తెలిసికొనవలెను. చదివిన తరువాత అడిగి నిరాశచెందుట తగదు.

అయిదవది, ఈ ప్రణాళికను తీసికొని చేరదలచిన కళాశాల ప్రిన్సిపాలును గాని, విశ్వవిద్యాలయపు పరీక్షల విభాగమును గాని కలసి, ఎన్ని క్రెడిట్లు అంగీకరింతురో అడుగవలెను. బ్యాంకులో జమయున్నంత మాత్రమున ప్రతి విశ్వవిద్యాలయమును దానిని తీసికొనితీరవలెనని లేదు. సీటు ఉండుట, పాఠ్యము సరిపోవుట అను రెంటిని వారు చూచుదురు.

2021కి ముందు మానినవారి సంగతి

పదేండ్ల క్రిందట మానినవారికి ఈ క్రెడిట్ల బ్యాంకు ఉపయోగపడదు. అట్టివారికి ఉపయోగపడునని ఆశపెట్టరాదు. కాని వారికిని దారులు మూసికొనిపోలేదు. మొదట తమ విశ్వవిద్యాలయమునకు వ్రాసి, పాత పద్ధతిలో మిగిలిన పరీక్షలు వ్రాయుటకు అవకాశమున్నదేమో విచారింపవలెను. లేనిచో సార్వత్రిక విశ్వవిద్యాలయములో చేరవలెను. ఇందిరా గాంధీ విశ్వవిద్యాలయమునకు హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలో ప్రాంతీయ కేంద్రములున్నవి. ప్రతిదినము తరగతికి పోవలసిన పనిలేకుండ, మూడేండ్ల డిగ్రీని ఆరేండ్ల వరకు సాగదీసి చదువుకొనుటకు అచ్చట వీలు గలదు. కూలికి పోవు తల్లులకు ఇది మిక్కిలి అనువైనది.

పనిలో నేర్చిన నైపుణ్యమును, శిక్షణ కేంద్రములలో నేర్చిన విద్యను గూడ క్రెడిట్లుగా కొలుచుటకు 2023 ఏప్రిల్‌లో ప్రకటింపబడిన జాతీయ క్రెడిట్ చట్రము త్రోవ తీసినది. ఐ.టి.ఐ. చదివిన యువకులు తమ సర్టిఫికెట్టును ఏ విశ్వవిద్యాలయము ఏ మేరకు లెక్కించునో అడిగి తెలిసికొనవలెను.

పేరులో తేడా, ఫోనులో తేడా

మన ఆడబిడ్డలకు ఇచ్చట ఒక ప్రత్యేకమైన చిక్కు గలదు. పదవ తరగతి మెమోలో పుట్టింటి ఇంటిపేరు ఉండును. పెండ్లియైన తరువాత ఆధారు కార్డులో అత్తింటి ఇంటిపేరు వ్రాయింతురు. డిజీలాకరు ఖాతా ఆధారును బట్టి నడచును. కళాశాల రికార్డు పదవ తరగతి మెమోను బట్టి నడచును. రెండును కలియనందున క్రెడిట్లు జమపడక నిలిచిపోవచ్చును. చదువు పూర్తియగువరకు ఆధారులో పేరు మార్పింపకుండుట ఉత్తమము. ఇదివరకే మార్చినవారు కళాశాలవారితో మాట్లాడి, ఏ కాగితము సమర్పింపవలెనో తెలిసికొని సరిచేయించుకొనవలెను.

రెండవ చిక్కు ఫోను నంబరు. పెక్కుమంది బాలికల ఆధారునకు తండ్రి నంబరో, అన్న నంబరో జతపరచియుండును. ఖాతా తెరచునపుడు వచ్చు ఓ.టి.పి. ఆ ఫోనుకే పోవును. ఆమె తన ఖాతాను తాను చూచుకొనుటకు తన నంబరునే ఆధారునకు జతపరచుకొనవలెను. చదువు ఆమెదైనపుడు తాళపుచెవియు ఆమె చేతిలోనే ఉండుట న్యాయము.

మూడవది, రుసుము బకాయి యున్నదని అసలు సర్టిఫికెట్లను అట్టిపెట్టుకొను కళాశాలలు కొన్ని గలవు. విద్యార్థుల అసలు ధ్రువపత్రములను కళాశాలలు తమయొద్ద ఉంచుకొనరాదని 2018లోనే గ్రాంట్ల సంఘము ప్రకటించియున్నది. విద్యార్థి ఒంటరిగా పోయి అడిగినచో జవాబు రాకపోవచ్చును. సర్పంచి సంతకముతో లేఖ వ్రాసి, ఒక సభ్యుడు వెంట వెళ్ళినచో మాట నడచును.

మోసగాండ్ర విషయమై హెచ్చరిక

"క్రెడిట్ ట్రాన్స్‌ఫరు" అను ఈ మాటనే వలగా పన్ని, ఒకే సంవత్సరములో డిగ్రీ ఇప్పింతుమని, ఒక్కసారి పరీక్ష వ్రాసిన చాలునని ప్రకటనలు వేయువారున్నారు. బస్టాండు గోడలమీదను, ఫోనులోను ఇట్టివి మనము చూచుచునే యున్నాము. మూడేండ్ల డిగ్రీని ఒక్క ఏడాదిలో మొదటినుండి ముగింపజేయు నియమమేదియు లేదు. ఈ పాఠములో మేము చెప్పిన లెక్కను చూచినచో, ఇదివరలో సంపాదించిన క్రెడిట్లు లేనివారికి అది అసాధ్యమని తేలిపోవును.

1956 విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము చట్టములోని 22వ విభాగము ప్రకారము డిగ్రీ నిచ్చు హక్కు చట్టముచే ఏర్పడిన విశ్వవిద్యాలయములకును, విశ్వవిద్యాలయములుగా పరిగణింపబడు సంస్థలకును, పార్లమెంటుచే ప్రత్యేకాధికారము పొందినవానికిని మాత్రమే గలదు. నకిలీ విశ్వవిద్యాలయముల జాబితాను సంఘమువారు ప్రకటించుచుందురు. దూరవిద్య కోర్సైనచో దానికి ఆ సంవత్సరమునకు అనుమతి యున్నదో లేదో గూడ సంఘపు జాబితాలో చూడవలెను. దళారి చేతికి ఒక్క రూపాయి యిచ్చుటకు ముందు ఈ రెండు జాబితాలను చూచుట తప్పనిసరి. నకిలీ డిగ్రీతో ఉద్యోగములో చేరినవాడు సొమ్మును, ఉద్యోగమును, పరువును మూడింటిని పోగొట్టుకొనును.

పంచాయతీ ఏమి చేయవచ్చును?

"కళాశాల చదువు పంచాయతీ పని యగునా?" అని కొందరు సభ్యులు అడుగవచ్చును. డిగ్రీ ఇచ్చుట మన పని కాదు, నిజమే. కాని 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో విద్య, వృత్తి శిక్షణ, వయోజన విద్య, గ్రంథాలయములు అను నాలుగును గలవు. రాష్ట్ర చట్టము అప్పగించిన మేరకు ఇవి మన పరిధిలోని అంశములే. మరియు ఎవరింట ఎవరు చదువు మానినది, ఎందుకు మానినది తెలిసినవారు ఏ విశ్వవిద్యాలయములోను లేరు. వార్డు సభ్యునికి తెలియును.

కాబట్టి ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులో కళాశాల చదువు మధ్యలో ఆగినవారి పట్టిక తయారుచేయవలెను. పేరు, చదివిన కోర్సు, మానిన సంవత్సరము, తప్పిన పేపర్లు, క్రెడిట్ల ఖాతా ఉన్నదా లేదా అను వివరములు చాలును. 2021-22 తరువాత మానినవారి పేర్లను పైన వ్రాయవలెను. వారి గడువు నడచుచున్నది గనుక వారితోనే మొదట మాట్లాడవలెను.

గ్రామములో చదివిన యువకుడో యువతియో ఒకరిని నియోగించి, ఆదివారమునాడు పంచాయతీ కార్యాలయములో గాని గ్రంథాలయములో గాని ఖాతాలు తెరిపించి, క్రెడిట్లు జమపడినవో చూపింపవచ్చును. ఒక ఫోను, ఒక సభ్యుని ఓపిక, రెండు గంటల కాలము ఇందుకు చాలును. జమపడనివారి పేర్లను కళాశాలల వారీగా విడదీసి, ఒకే లేఖతో ప్రిన్సిపాలునకు పంపవలెను.

డిగ్రీలో ఇంటర్న్‌షిప్ క్రెడిట్లున్నవని చెప్పియుంటిమి. పంచాయతీ లెక్కలు, మంచినీటి పథకపు సర్వే, పారిశుద్ధ్యపు పని వీనిలో విద్యార్థులకు పని చూపి, వారు చేసినదానికి ధ్రువపత్రమిచ్చుటకు మన పంచాయతీ ముందునకు రావచ్చును. కళాశాలవారి అంగీకారమును ముందుగా పొందినచో అది విద్యార్థికి క్రెడిట్లుగాను, ఊరికి సేవగాను రెండు విధముల ఫలించును.

అన్నిటికంటె కష్టమైన పని మరియొకటి గలదు. కోడలు మరల చదువుకొందునన్నచో అత్తమామలను ఒప్పించుట. "ఇప్పుడు చదివి ఏమి చేయును?" అను ప్రశ్నకు మన సభ్యులు, ముఖ్యముగా మహిళా సభ్యులు, జవాబు చెప్పగలిగియుండవలెను. ఇద్దరు బిడ్డల తల్లి డిగ్రీ పూర్తిచేసిన ఇంట ఆ బిడ్డల చదువు మధ్యలో ఆగుట అరుదు. ఆ జవాబునకు తోడుగా ఆమె లెక్కను గూడ చూపవలెను: మిగిలినది మూడేండ్లు కాదు, ఒకటో రెండో మాత్రమే, ప్రతిదినము పట్టణమునకు పోవలసిన పనియు లేకపోవచ్చును. భయము సాధారణముగా లెక్క తెలియనందున కలుగును.

నియమములు విశ్వవిద్యాలయమును బట్టి, సంవత్సరమును బట్టి మారుచుండును. కనుక రుసుము చెల్లించుటకు ముందు ఆ సంవత్సరపు ప్రవేశ ప్రకటనను చూచి నిర్ధారించుకొనుమని అందరికిని చెప్పవలెను. కాని గడువు తీరిన క్రెడిట్లను మరల తెచ్చుట ఎవరి తరమును కాదు. ఈ నెలలో పట్టిక వ్రాసినచో వచ్చు ప్రవేశముల కాలమునకు మన ఊరినుండి నలుగురైనను మరల కళాశాలలో పేరు వ్రాయించుకొందురు.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములో 2021-22 తరువాత డిగ్రీ చదువు మానినవారెందరు? వారిలో స్త్రీలెందరు?

2. వారు మానుటకు కారణము సొమ్మా, ప్రయాణమా, పెండ్లియా, పరీక్ష తప్పుటయా? ఇందులో పంచాయతీ తీర్పగలిగినది ఏది?

3. క్రెడిట్ల ఖాతా తెరచినవారిలో ఎందరికి క్రెడిట్లు జమపడినవి? జమపడనివారి పక్షమున ఏ కళాశాలకు లేఖ వ్రాయవలెను?

4. సాయంకాలములందు స్త్రీలు కూర్చుండి చదువుకొనుటకు వెలుతురు, కుర్చీలు, ఇంటర్నెట్ సౌకర్యము గల చోటు మన ఊరిలో ఎక్కడ ఏర్పరుపవచ్చును?

5. మన పంచాయతీ కార్యాలయములో ఇంటర్న్‌షిప్ పనికి ఎందరు విద్యార్థులను తీసికొనగలము? వారికి పని చూపు బాధ్యత ఏ సభ్యునిది?